గోదావరి డెల్టాకు ఉమ్మడి పర్యావరణ డేటా వ్యవస్థ, ధ్రువ పరిశోధకుల పద్ధతిలో: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ నుంచి నరసాపురం దాకా నీటిని కొలిచేవాళ్లు చాలామందే ఉన్నారు. కాలేజీ ల్యాబులు, రొయ్యల చెరువుల దగ్గరి ల్యాబులు, కోరింగ మడ అడవుల మీద పనిచేసే విద్యార్థులు, లాకుల దగ్గర గేజీ చూసి రిజిస్టర్లో రాసేవాళ్లు. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరావడం మాత్రం అరుదు. ధ్రువ ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకూ ఇదే చిక్కు ఎదురైంది. దశాబ్దాల పాటు కూర్చుని దాన్ని విప్పుకుంటూ వచ్చారు. వాళ్ల పద్ధతిని డెల్టాలో పెట్టాలనుకునే సంస్థల కోసం ఈ జవాబులు.

అంటార్కిటికా ఎక్కడ, అమలాపురం ఎక్కడ? ఆ పద్ధతి మనకెందుకు?

మళ్లీ కొలవడం కుదరని చోట డేటాను ఎలా కాపాడాలో బాగా తెలిసినవాళ్లు ధ్రువ పరిశోధకులే. 1959 డిసెంబర్ 1న సంతకాలైన అంటార్కిటికా ఒప్పందంలోని మూడో అధికరణం, అక్కడి పరిశీలనలను, ఫలితాలను దేశాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోవాలని, అందరికీ అందుబాటులో ఉంచాలని చెబుతుంది. మన దేశం 1983లో ఆ ఒప్పందంలో చేరింది. అంటార్కిటికాలో మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి, ఆర్కిటిక్‌లో హిమాద్రి 2008 నుంచి నడుస్తున్నాయి. వాటి బాధ్యత గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రానిది. వేర్వేరు భాషలు, వేర్వేరు పరికరాలు ఉన్న దేశాల కొలతలను ఒకే పట్టికలో కూర్చోబెట్టడం ఎలాగో ఆ అనుభవంలోనే తేలింది.

మన దగ్గరా మళ్లీ కొలవలేనివి ఉన్నాయి. 1996 నవంబర్ 6 తుపాను రాత్రి కోనసీమలో ఎవరైనా నీటిమట్టం రాసి ఉంటే, ఉన్నది ఆ కాగితమే.

ఇంకో సంబంధం నేరుగా మన తీరానిదే. అంటార్కిటికా మంచు కరిగితే దాని చుట్టూ నీటిని లాగి పట్టుకునే గురుత్వాకర్షణ తగ్గుతుంది. ఆ నీరు దూరంగా ఉన్న సముద్రాల వైపు సర్దుకుంటుంది. మన తీరం ఆ దూరపు వైపే ఉంది. దానికి తోడు డెల్టా నేల తనంతట తానే కుంగుతుంది, ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి కొత్త మట్టి తక్కువగా వస్తుంది. ఈ మూడింటిలో దేని వాటా ఎంతో విడదీయాలంటే ధ్రువ డేటా, డెల్టా డేటా ఒకే టైం, ఒకే ఎత్తు లెక్కలో ఉండాలి.

ఉమ్మడి వ్యవస్థ అంటే అందరి ఫైళ్లూ ఒకే సర్వర్లోకి ఎక్కించడమేనా?

అక్కర్లేదు. చాలాచోట్ల పని ఆగిపోయేది ఆ ప్రయత్నంలోనే. ఎవరి డేటా వాళ్ల దగ్గరే ఉండొచ్చు. ఏ డేటా ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రూపంలో ఉందో చెప్పే జాబితా మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. అంటార్కిటికాకు 'అంటార్కిటిక్ మాస్టర్ డైరెక్టరీ' చేసేది ఈ పనే: అందులో వివరాలుంటాయి, డేటా ఆయా దేశాల కేంద్రాల్లో ఉంటుంది.

మొదట ఏం చేయాలి?

సర్వర్ కొనకండి. పాల్గొనే సంస్థలన్నీ ఒక రోజు కూర్చుని, తమ దగ్గర ఇప్పటికే ఉన్న డేటాను ఒక షీటులో రాయాలి. ఒక్కో డేటాసెట్‌కు ఒక వరుస: ఏం కొలిచారు, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏ పరికరంతో, ఎంత తరచుగా, ఇప్పుడు ఎవరి కంప్యూటర్లో ఉంది, ఎవరిని అడగాలి. ఈ షీటు నిండేసరికి సగం వ్యవస్థ కట్టినట్టే.

తర్వాత రెండు పేజీల ఒప్పందం. ప్రతి సంస్థ నుంచి ఒక డేటా బాధ్యుడు, సెలవులో ఉంటే చూసుకోవడానికి ఇంకొకరు. ఖాతాలు, పాస్‌వర్డులు సంస్థ పేరు మీదే ఉండాలి. ప్రాజెక్టు చేసిన విద్యార్థి సొంత మెయిల్ మీద ఖాతా తెరిస్తే, ఆ అబ్బాయి కోర్సు అయిపోయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన రోజున డేటా కూడా అతనితోనే వెళ్లిపోతుంది.

కొలతతో పాటు ఏమేం రాయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అదే మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు. నది ఒకటే, హెచ్చరిక ఒకటే, అంకెలు మాత్రం ఎక్కడా కలవవు. ఎందుకంటే రెండు గేజీల సున్నా వేర్వేరు ఎత్తుల్లో ఉంది. ఇక్కడివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ పొరబడరు. నార్వేలో కూర్చుని మీ ఫైలు తెరిచినవారికి, ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడే తెరిచినవారికి అది తెలియదు. అందుకని ప్రతి నీటిమట్టం పక్కన దాని సున్నా ఏమిటో రాయాలి: గేజీ సొంత సున్నానా, సగటు సముద్ర మట్టమా, ఓడరేవు చార్టులో వాడే కనిష్ఠ మట్టమా.

జీపీఎస్ ఎత్తు ఇంకో లెక్క. అది ఊహాత్మకమైన నునుపు భూగోళం మీద నుంచి కొలిచేది. హిందూ మహాసముద్రం వైపు అసలు సముద్ర మట్టం ఆ గోళానికి చాలా కింద ఉంటుంది. అందువల్ల యానాం ఒడ్డున నిలబడ్డా పరికరం మైనస్‌లో పదుల మీటర్లు చూపిస్తుంది. పరికరం చెడలేదు, ఏ లెక్కలో ఇచ్చిన ఎత్తో రాయకపోతేనే తప్పు. మంచు పలక ఎత్తు కొలిచేవాళ్లు ఈ రెండు లెక్కలను పేరుపెట్టి విడిగా రాసేది ఇందుకే.

ఎత్తు కాకుండా తప్పనిసరిగా ఉండాల్సినవి: స్టేషన్ కోడ్, టైం, అక్షాంశ రేఖాంశాలు, నీటిలో ఎంత లోతున కొలిచారు, పరికరం మోడల్, సీరియల్ నంబరు, చివరిసారి క్యాలిబ్రేట్ చేసిన (తెలిసిన విలువతో సరిచూసి దిద్దిన) తేదీ, కొలత యూనిట్, కొలిచినవారు. లోతు రాయడం చాలామంది వదిలేస్తారు. మొగ దగ్గర పైన తియ్యటి నీరు, అడుగున ఉప్పునీరు పొరలుగా ఉంటాయి. అరమీటరు తేడాలో సెలినిటీ (ఉప్పదనం) మారిపోతుంది.

టైం మన గడియారం ప్రకారం రాయొచ్చా?

నోటు పుస్తకంలో రాయండి. డేటాబేస్‌లో మాత్రం యూటీసీలోనే (ప్రపంచమంతా ఒకటిగా వాడే ప్రమాణ కాలం) దాచండి, తెరమీద చూపేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి.

దీని మీద అంత పట్టుదల ఎందుకంటే, మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు నుంచి పాటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు. తనంతట తానే కొలతలు రాసుకునే ఒక లాగర్ యూటీసీలో, ఇంకోటి మన టైంలో ఉండి, ఆ సంగతి ఎవరూ రాయకపోతే వచ్చే తేడా ఐదున్నర గంటలు. అంటే పోటు దాదాపు పాటు అయిపోతుంది. గ్రాఫు చక్కగా, నునుపుగా వస్తుంది. అందులో సముద్రం వెనక్కి తగ్గుతున్నప్పుడు ఏటిలో ఉప్పు పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఇలాంటి తప్పు చూడగానే దొరకదు.

ఇంకొకటి: చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఉదయం 5:30 లోపు తీసిన ప్రతి రీడింగూ యూటీసీలో ముందు రోజు తేదీ మీద పడుతుంది. రోజువారీ సగటు కట్టే ప్రోగ్రాం మన తేదీ ప్రకారం కడుతోందో, యూటీసీ ప్రకారం కడుతోందో చూసుకోండి.

తేదీ ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలో: 2025-04-03. 03/04 అని రాస్తే ఏప్రిల్ 3 అనుకునేవారు కొందరు, మార్చి 4 అనుకునే ఎక్సెల్ ఇంకొకటి.

లొకేషన్ విషయంలో ఎక్కువగా జరిగే తప్పేమిటి?

డిగ్రీలు, నిమిషాలను దశాంశంగా రాసేయడం. అమలాపురం అక్షాంశం 16 డిగ్రీల 35 నిమిషాలు, దశాంశంలో 16.583. దాన్ని 16.35 అని కొడితే దాదాపు 26 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి, శాంపిల్ సముద్రంలో పడుతుంది. పడితే నయం, మ్యాపు మీద తెలిసిపోతుంది. నేల మీదే ఇంకో ఊళ్లో పడితే ఎవరికీ అనుమానం రాదు. దశాంశ డిగ్రీల్లో ఐదు అంకెలు చాలు, అది మీటరు దాకా వస్తుంది.

దూరాలు, వైశాల్యాలు లెక్కకట్టేటప్పుడు మన డెల్టాకు యూటీఎం అనే పటాల పద్ధతిలో 44 ఉత్తర జోన్ వాడాలి, పటం ఏ పద్ధతిలో గీసిందో చెప్పే దాని ఈపీఎస్‌జీ కోడ్ 32644. అంటార్కిటికా పటాలు సాధారణంగా 3031లో, ఆర్కిటిక్ మంచు పటాలు 3413లో వస్తాయి. కోడ్ చూడకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే ఏదీ కుదరదు. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు సుమారు 107 కిలోమీటర్లు, 70 డిగ్రీల అక్షాంశం దగ్గర 38 మాత్రమే.

ఈసీ, టీడీఎస్, సెలినిటీ: ఏది రాయాలి?

ఈసీ, అంటే నీటి విద్యుత్ వాహకత, రాయండి. దాంతో పాటు నీటి ఉష్ణోగ్రత. మిగతావి ఎప్పుడైనా లెక్కకట్టుకోవచ్చు.

నీటిలో కరిగిన లవణాలను చూపే చేతి టీడీఎస్ మీటరు నిజానికి కొలిచేది ఈసీనే, దాన్ని 0.5తోనో 0.7తోనో హెచ్చవేసి చూపిస్తుంది. ఈసీ 1000 మైక్రోసీమెన్స్ ఉన్న అదే కాలువ నీరు ఒక మీటరు మీద 500, ఇంకో మీటరు మీద 700. రెండు ల్యాబుల మధ్య 'మీ రీడింగ్ తప్పు' అన్న గొడవ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

ఈసీని 25 డిగ్రీలకు సరిచేశారా లేదా అన్నది కూడా రాయాలి. డిగ్రీకి సుమారు 2 శాతం తేడా వస్తుంది. ఎండాకాలం 33 డిగ్రీల నీటిలో సరిచేయని రీడింగ్ దాదాపు 16 శాతం ఎక్కువ చూపిస్తుంది. యూనిట్ కూడా చూడండి: మైక్రోసీమెన్స్‌కూ మిల్లీసీమెన్స్‌కూ వెయ్యి రెట్లు. చాలా మీటర్లు ఉప్పు పెరిగేకొద్దీ తమంతట తామే యూనిట్ మార్చేస్తాయి, చూసేవాళ్లు అంకె మాత్రమే రాస్తారు.

చెరువు గట్టు మీద ఉప్పు చూడటానికి వాడే రిఫ్రాక్టోమీటర్ ఒక పీపీటీ (వెయ్యిలో ఒక వంతు) గీతలతో ఉంటుంది. రొయ్యల చెరువుకు అది చాలు. సాగునీటికి పనికిరాదు. సాగునీటిలో ఈసీ 700 మైక్రోసీమెన్స్ దాటితేనే పట్టించుకోవడం మొదలుపెట్టాలని, 3000 దాటితే తీవ్రమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) మార్గదర్శకాలు చెబుతాయి. 700 అంటే అర పీపీటీ కూడా ఉండదు. ఆ గీతల మధ్యే మాయమైపోతుంది.

సెన్సార్ నీళ్లలోనే వదిలేస్తే ఎన్నాళ్లు నమ్మొచ్చు?

ఆర్కిటిక్‌లో మన దేశం 2014లో కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో దించిన ఇండ్‌ఆర్క్ లాంటి పరికరాలు నెలల తరబడి నీటి అడుగునే ఉంటాయి. చల్లని నీటిలో నాచు నెమ్మదిగా పడుతుంది. మన ఉప్పుటేరులో రెండు వారాలే ఎక్కువ. నాచు, జిగురు, తర్వాత చిన్న చిన్న గుల్లలు పట్టి సెన్సార్‌ను మూసేస్తాయి. రాగి జాలీ చుట్టితే కొంత ఆగుతుంది.

శుభ్రం చేసేటప్పుడు పాటించాల్సిన వరుస ఇది. నీటిలో ఉన్నది ఉన్నట్టే ఒక రీడింగ్ రాయాలి. పైకి తీసి మెత్తని బ్రష్‌తో కడిగి, అదే నీటిలో మళ్లీ పెట్టి రెండో రీడింగ్. ఈ రెంటికీ ఉన్న తేడా నాచు వల్ల వచ్చింది. తర్వాత ప్రమాణ ద్రావణంలో పెట్టి మూడో రీడింగ్. ద్రావణం అసలు విలువకూ దీనికీ ఉన్న తేడా సెన్సార్ పక్కదారి పట్టడం వల్ల వచ్చింది. ఆ తర్వాతే క్యాలిబ్రేట్ చేయాలి. చాలామంది తీయగానే కడిగి, వెంటనే క్యాలిబ్రేట్ చేసేస్తారు. గత రెండు వారాల డేటాను సరిదిద్దడానికి ఉన్న ఒకే ఆధారం ఆ నిమిషంలో పోతుంది.

ద్రావణం మీరు కొలిచే నీటికి దగ్గరగా ఉండాలి: కాలువకు 1413 మైక్రోసీమెన్స్, ఏటి మొగకు 12.88 మిల్లీసీమెన్స్ లేదా అంతకన్నా ఎక్కువది. వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయొద్దు. ఆక్సిజన్ సెన్సార్ పొరను గోటితో గీకొద్దు.

అనుమానంగా ఉన్న విలువను తీసేయొచ్చా?

ఎప్పుడూ తీసేయొద్దు. గుర్తు పెట్టండి.

అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిన సంగతిని హ్యాలీ స్టేషన్ కొలతలతో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో ప్రకటించారు. అప్పటికే ఆకాశంలో ఉన్న నింబస్-7 ఉపగ్రహం కొలతల్లోనూ ఆ తగ్గుదల ఉంది. అయితే మరీ తక్కువగా ఉన్న విలువలను దాని ప్రోగ్రాం అనుమానాస్పదమని గుర్తుపెట్టింది. చెరిపేయలేదు కాబట్టే తర్వాత వాటిని తిరిగి తీసి, ఆ తగ్గుదల ఖండమంతా పరుచుకుని ఉందని చూపగలిగారు.

గుర్తులకు కొత్త పద్ధతి కనిపెట్టకండి. సముద్రంలో తేలే ఆర్గో పరికరాలకు వాడేవే తీసుకోండి: 1 మంచిది, 2 బహుశా మంచిది, 3 బహుశా చెడ్డది, 4 చెడ్డది, 9 విలువ లేదు. మన దేశపు ఆర్గో డేటా కేంద్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్, కాబట్టి రేపు వాళ్ల డేటాతో కలపడం కూడా తేలికే.

కంప్యూటర్ తనంతట తాను పట్టుకోగలిగేవి కొన్ని ఉన్నాయి: ఉష్ణోగ్రత 15కు తగ్గినా 40 దాటినా, పీహెచ్ 4కు తగ్గినా 11 దాటినా, ఈసీ 60,000 మైక్రోసీమెన్స్ మించితే, ఒకే అంకె పది సార్లు వరసగా వస్తే. వీటికి 3 పెట్టించండి. 4 పెట్టే అధికారం మనిషికే ఉంచండి. వేసవిలో కట్టేసిన కాలువలకు నీళ్లు వదిలిన రోజు ఈసీ ఒక్క గంటలో కూలిపోతుంది. కంప్యూటర్‌కు అది చెడ్డ సెన్సార్‌లా కనిపిస్తుంది.

విలువ లేని చోట ఆ గడి ఖాళీ వదిలి, గుర్తు గడిలో 9 పెట్టండి. సున్నా పెట్టొద్దు, మైనస్ 999 అసలే వద్దు. ఎవరో ఒకరు దాన్ని కూడా కలిపి సగటు కడతారు.

ఒకే ఊరిని నలుగురు నాలుగు స్పెల్లింగులతో రాస్తే?

ఇంగ్లిష్ ఫైళ్లలో ధవళేశ్వరానికీ, కోరింగకూ ఎన్ని స్పెల్లింగులు ఉన్నాయో లెక్కే లేదు. రాజమండ్రి, రాజమహేంద్రవరం సరేసరి. అంటార్కిటికాలో ఒకే కొండకు దేశానికో పేరు ఉంటుంది. అందుకే అన్ని దేశాల పేర్లనూ ఒక్కచోట చేర్చిన ఉమ్మడి పేర్ల పట్టికను అక్కడి శాస్త్రీయ కమిటీ నడుపుతోంది. మీరూ ప్రతి స్టేషన్‌కు అర్థం లేని ఒక కోడ్ ఇచ్చి, పేర్లన్నీ ఆ కోడ్ కింద పెట్టండి. కోడ్‌లో జిల్లా పేరు ఇరికించొద్దు. 2022లో జిల్లాలు మారినప్పుడు అలాంటి కోడ్లన్నీ తప్పయిపోయాయి. గేజీని ఇరవై మీటర్లు జరిపినా కొత్త కోడ్ ఇవ్వాలి.

పాత రిజిస్టర్లను ఎలా ఎక్కించాలి?

ముందు ప్రతి పేజీ ఫొటో తీయండి, ఖాళీ పేజీలు కూడా. తర్వాత ఇద్దరు విడివిడిగా టైప్ చేసి, తేడా వచ్చిన చోట ఫొటో చూడాలి. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు అడుగులు, అంగుళాల దగ్గర జరుగుతాయి: 11 అడుగుల 9 అంగుళాలు అంటే 11.75. దాన్ని 11.9 అని కొట్టేస్తారు. రెండు గడులు ఇవ్వండి, లెక్క కంప్యూటర్ చేస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్, ఎంత మెషీన్?

ఐదు స్టేషన్ల లోపైతే ఒక పద్ధతిగా ఉన్న సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన పట్టికలు) చాలు. అంతకు మించితే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, దాని మీద మ్యాపు లెక్కలకు పోస్ట్‌జీఐఎస్. టైం సిరీస్‌లను బయటివాళ్లకు ఇవ్వడానికి ఎర్‌డాప్, జాబితాకు జియోనెట్‌వర్క్ లేదా సీకాన్. అన్నీ ఉచితమే. పదిహేను నిమిషాలకోసారి రాసే స్టేషన్ ఏడాదికి 35,040 వరుసలు ఇస్తుంది. వరుసకు వంద బైట్లు అనుకున్నా 3.5 ఎంబీ. ఇరవై స్టేషన్లు పదేళ్లు రాసినా సుమారు 700 ఎంబీయే. 16 జీబీ మెమరీ, 4 టీబీ డిస్కులు రెండు ఉన్న మామూలు మెషీన్ చాలు. ఫొటోలు, డ్రోన్ చిత్రాలు వస్తేనే చోటు అడుగుతాయి.

కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి డెల్టా బయట. తుపాను వస్తే కాకినాడ, అమలాపురం, భీమవరం మూడింటికీ ఒకే రాత్రి కరెంటు పోవచ్చు. ఒక కాపీ హైదరాబాదులోనో, క్లౌడ్‌లోనో పెట్టండి. మూడు నెలలకోసారి ఆ కాపీ నుంచి నిజంగా ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

రైతుల చెరువుల డేటా కూడా అందరికీ చూపిస్తారా?

చూపకూడదు. చెరువులో జబ్బు ఉందన్న మాట బయటికి పొక్కితే బేరగాళ్లు ఆ చుట్టుపక్కల రేటు కోసేస్తారు. ఆ భయం నిజమైనదే. రైతు నుంచి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని, బయటికి ఇచ్చేది మండలం స్థాయి సగటు మాత్రమే. అదీ కనీసం ఐదారు చెరువులు ఉన్న చోటే. నీటిపిల్లి కనిపించిన చోట్లు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు కూడా అంతే. బయటికి ఇచ్చేటప్పుడు 0.1 డిగ్రీకి, అంటే సుమారు 11 కిలోమీటర్లకు కుదించండి. కోరింగ అభయారణ్యంలో కొలతలకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ అనుమతి నంబరు డేటా వివరాల్లో ఉండాలి.

మా డేటా ఇచ్చేస్తే పేపరు ఇంకొకరు రాసేసుకోరా?

వివరాలు వెంటనే జాబితాలో పెట్టండి, అసలు డేటాను రెండేళ్ల దాకా ఆపుకోండి. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) ధ్రువ కార్యక్రమాల్లోనూ గడువు రెండేళ్లే. ఇచ్చేటప్పుడు డేటాసెట్‌కు డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య తీసుకుని, సీసీ బై 4.0 లైసెన్సు పెడితే, వాడుకున్నవారు మీ పేరు చెప్పి తీరాలి.

శాటిలైట్ చిత్రాలు ఎక్కడ పనికొస్తాయి?

మడ అడవుల విస్తీర్ణం, ఉప్పాడ కోత, హోప్ ఐలాండ్ ఇసుక కదలిక, కొత్తగా తవ్విన చెరువులు. సెంటినల్-2 చిత్రాలు ఉచితం, 10 మీటర్ల స్పష్టత. వానాకాలం మబ్బుల్లో అవి గుడ్డివి. ధ్రువాల దగ్గర నెలల తరబడి సాగే చీకట్లోనూ అంతే. రెండు చోట్లా దారి ఒకటే: సెంటినల్-1 రాడార్. తీరం గీత గీసేటప్పుడు చిత్రం తీసిన నిమిషానికి పోటు ఉందో పాటు ఉందో రాయండి. మన చదునైన తీరంలో ఆ తేడానే కోతగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

వివరాలు తెలుగులో రాయొచ్చా?

తప్పకుండా. ఊరి పేరు, లాకు పేరు, పరిశీలనలు తెలుగులోనే బాగా రాస్తారు. యూనికోడ్‌లో టైప్ చేయాలి, ఫైలు యూటీఎఫ్-8లో దాచాలి. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు వేరే కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, వాటిని ముందే మార్పిడి చేసుకోండి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు చెదిరిపోవచ్చు. డేటా మెనూలోంచి ఫైలును రప్పించి, అక్కడ యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది. చెదిరిన ఫైలును అలాగే సేవ్ చేస్తే మాత్రం ఆ అక్షరాలు తిరిగి రావు.